షెడ్యూల్ అంటే జాబితా: రాత్రిపూట కంప్యూటర్‌లో నడిచే పనులకీ మన మన్యానికీ ఉన్న పాత సంబంధం



విశాఖలో మనవాళ్లం కొంతమందిమి కలిసి వాడుకునే రూమ్ కంప్యూటర్‌లో 'షెడ్యూల్డ్ టాస్క్స్' అనే మాట చూసి ఒక తమ్ముడు, "అన్నా, ఇందులో కూడా మనకి రిజర్వేషన్ ఉందేటి?" అన్నాడు. అందరం నవ్వేశాం. నవ్వు అయిపోయినా మాట మాత్రం వదల్లేదు. షెడ్యూల్డ్ తెగలు, షెడ్యూల్డ్ ప్రాంతం, ఐదో షెడ్యూల్, ఇప్పుడు షెడ్యూల్డ్ టాస్క్. పుట్టిన దగ్గర్నుంచి మన సర్టిఫికెట్ల మీద ఉన్న మాట కంప్యూటర్‌లోకి ఎలా వెళ్లింది? ఈ పోస్టు దాని గురించే. కొంచెం పెద్దది. టీ పెట్టుకొని కూర్చోండి.

లాటిన్ భాషలో 'షెడ్యులా' అంటే చిన్న కాగితం ముక్క. తర్వాత ఇంగ్లీషు వాళ్ల చట్టాల్లో అది చట్టం చివర అతికించే జాబితా అయింది. చట్టం మాటల్లో ఉంటుంది, షెడ్యూల్‌లో పేర్లు ఉంటాయి. మన పేర్లు ఆ కాగితం ముక్క మీదకి చాలా ముందే ఎక్కాయి. పర్లాకిమిడి, విశాఖపట్నం కొండల్లో తిరుగుబాట్లు అయ్యాక జార్జ్ రసెల్ అనే అధికారి నివేదిక ఇచ్చాడు. దాని మీద 1839లో 24వ నంబరు చట్టం వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలని మామూలు కోర్టుల నుంచి తీసేసి గవర్నర్ ఏజెంటు కింద పెట్టారు. మనం ఈ రోజుకీ 'ఏజెన్సీ' అంటున్నది ఆ ఏజెంటు వల్లే. ఆ తర్వాత 1874లో షెడ్యూల్డ్ డిస్ట్రిక్ట్స్ చట్టం. దాని చివరి జాబితాలో విశాఖ మన్యం ఉంది. ఏ చట్టం మన మీద నడవాలి, ఏది నడవకూడదు అన్నది ఎక్కడో కూర్చుని ఎవరో రాశారు. అలాంటి జాబితా ఒకటి ఉందని కూడా మన తాతల తాతలకి ఎవరూ చెప్పలేదు.

తెలియకుండా నడిచిన హుకుములు ఎలా ఉండేవో తెలియాలంటే గూడెం డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ పేరు చాలు. ఘాట్ రోడ్డు పనికి మన్యం జనాన్ని బలవంతంగా తోలడం, కూలి సరిగా ఇవ్వకపోవడం, ఇవే 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల దాకా వెళ్లాయి. ఆ కథ మీకు మేము చెప్పాల్సిన పని లేదు. ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి: రోజు, చోటు, పని అన్నీ ఒకడు నిర్ణయిస్తాడు, ఒళ్లు మాత్రం ఇంకొకడిది.

అయితే షెడ్యూల్ కథ అక్కడే ఆగలేదు. రాజ్యాంగంలో ఐదో షెడ్యూల్ వచ్చింది, 1959 భూబదలాయింపు నిబంధన వచ్చింది, దాన్ని గట్టి చేస్తూ 1970లో మనందరికీ తెలిసిన 1/70 వచ్చింది. అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద సమత సంస్థ కోర్టుకి వెళ్తే, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకీ ప్రైవేటు కంపెనీలకీ గనుల కోసం లీజుకి ఇవ్వకూడదని 1997 జులై 11న సుప్రీంకోర్టు చెప్పింది. మాట అదే షెడ్యూల్. తేడా ఏమిటంటే ఈసారి మన పక్షాన ఆ జాబితాని తెరిచి చదివినవాళ్లు ఉన్నారు.

ఇక కంప్యూటర్‌లోకి వద్దాం. కానీ దారిలో మన ఊళ్ల మీదుగానే వెళ్లాలి.

అరకు, పాడేరు వైపు ఊళ్లలో విత్తనం ఎప్పుడు చల్లాలి, పండగ ఏ రోజు పెట్టుకోవాలి, పెళ్లికి ఏ పొద్దు మంచిది, ఇవి దిసారి చూస్తాడు. ఆయన చెప్పింది ఊరంతా తిరిగి కేకేసి చెప్పేది బారికి. దిసారి పొలానికి వెళ్లి దున్నడు, బారికి రోజు నిర్ణయించడు. ఒకరు కాలం చూస్తారు, ఒకరు పిలుస్తారు, పని ఊరు చేస్తుంది. కంప్యూటర్‌లో షెడ్యూలర్ అన్నది ఈ ఏర్పాటే. టైమ్ రాసి ఉన్న జాబితా ఒకటి, ఆ టైమ్‌కి లేపే చిన్న ప్రోగ్రామ్ ఒకటి, లేచి పని చేసే అసలు ప్రోగ్రామ్ ఇంకొకటి. లేపే ప్రోగ్రామ్‌కి పని రాదు, పని చేసే ప్రోగ్రామ్‌కి టైమ్ తెలీదు. ఈ విడదీత అర్థమైతే తర్వాత అంతా తేలికే.

ఏ జాబితాకైనా ముందు అందరికీ ఒకే గడియారం కావాలి. ఈ విషయంలో విశాఖకి మంచి చరిత్ర ఉంది, మన పాఠాల్లో మాత్రం ఎక్కడా కనబడదు. 1840 ప్రాంతంలో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు డాబాగార్డెన్స్‌లో తన ఇంటి దగ్గర సొంత నక్షత్రశాల కట్టుకున్నాడు. ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపాడు. 1868 సంపూర్ణ సూర్యగ్రహణాన్నీ, 1874లో సూర్యుడి ముందు నుంచి శుక్రగ్రహం దాటిపోవడాన్నీ ఇక్కడి నుంచి చూసి నమోదు చేశాడు. నక్షత్రాలు చూసి లెక్క కట్టిన సరైన సమయాన్ని పట్నానికి తెలియజేయడానికి డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా కొయ్య పెట్టారు. ఆ రోజుల్లో ఓడలో గడియారం తప్పితే సముద్రం మీద తానెక్కడుందో లెక్క కూడా తప్పుతుంది. అందుకని రేవు ఊళ్లకి సమయ సంకేతం అన్నది సరదా కాదు. ఈరోజు మన కంప్యూటర్ ఇంటర్నెట్ తగలగానే టైమ్ సరిచేసుకుంటుంది చూడండి, ఆ జెండా అప్పట్లో ఆ పనే చేసింది.

అప్పటికి ఊరికో టైమ్ ఉండేది. రైళ్లు మద్రాసు టైమ్ మీద నడిచేవి. 1906 జనవరి 1 నుంచి దేశమంతటికీ ఒకే టైమ్ పెట్టారు. దానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. మ్యాప్ తీసి చూడండి: ఆ గీత చింతపల్లికీ పాడేరుకీ మధ్యన, సరిగ్గా మన మన్యం మీదుగా వెళ్తుంది. భారతదేశం గడియారం మన కొండల మీద నిలబడి ఉందన్నమాట! విశాఖ ఆ గీతకి కొంచెం తూర్పున ఉంది కాబట్టి అక్కడ సూర్యుడు నడినెత్తికి గడియారం కన్నా సగటున మూడు నిమిషాల ముందే వచ్చేస్తాడు. మన్యంలో గడియారం, సూర్యుడు దాదాపు కలిసే నడుస్తాయి.

ఇప్పుడు అసలైన రాత్రి పని సంగతి. 1933లో విశాఖ పోర్టు తెరిచారు. 1960ల్లో జపాన్‌కి ఇనుప ఖనిజం పంపడానికి బైలదిల్లా కొండల నుంచి కొత్తవలస దాకా కిరండూల్ లైను వేశారు. అనంతగిరి, బొర్రా, అరకు దాటి, సొరంగాల మీద సొరంగాలు తొలుచుకుంటూ. పైన బైలదిల్లా గోండుల నేల, మధ్యలో మన నేల, కింద పోర్టు. విశాఖ ఉక్కు కర్మాగారం వచ్చాక దానికి కూడా ఖనిజం ఈ దారిలోనే దిగింది. లైను పక్క ఊళ్లలో పెరిగినవాళ్లు ఎవరినైనా అడగండి, అర్ధరాత్రి లోడు బండి ఘాట్ దిగే చప్పుడు నిద్రలో కూడా గుర్తుపడతారు. ఆ చప్పుడు రాకపోతేనే మెలకువ వస్తుంది అంటాడు మాలో ఒకడు.

రైల్వేలో రెండు టైమ్‌టేబుళ్లు ఉంటాయి. ఒకటి మనం చూసేది, స్టేషన్ బోర్డు మీద ఉండేది. రెండోది వర్కింగ్ టైమ్‌టేబుల్, సిబ్బందికి మాత్రమే. అద్దాల రైలు ఎన్నింటికి అరకు వస్తుందో టూరిస్టులందరికీ తెలుసు. ఖనిజం బండి ఎన్నింటికి వస్తుందో బోర్డు మీద ఉండదు, కంట్రోల్ ఆఫీసుకి తెలుసు. మేము ఈ పోస్టులో చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది. ఏ వ్యవస్థలోనైనా కళ్ల ముందు నడిచేది ఒకటుంటుంది, వెనకాల నడిచేది ఒకటుంటుంది. బరువంతా చాలాసార్లు వెనకాల బండి మీదే ఉంటుంది. వెనకాల నడవడం తప్పు కాదు. దాని జాబితా అక్కడి మనిషి చూడగలడా లేదా అన్నదే ప్రశ్న.

ఉక్కు కర్మాగారం మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క సంగతి చెప్పి ముందుకెళ్తాం. అక్కడి కోక్ ఓవెన్లు ఏడు మీటర్ల ఎత్తువి, దేశంలో అంత ఎత్తువి అవే మొదట. ఒక్కో బ్యాటరీలో వరసగా 67 పొయ్యిలు. బొగ్గుని గాలి తగలకుండా పదహారు గంటలకి పైగా కాలుస్తారు, తర్వాత మరతో బయటికి తోసేస్తారు. ఏ పొయ్యి ఎప్పుడు తోయాలో ముందే రాసి ఉంటుంది. అందులో కిటుకు ఏమిటంటే ఒకటి తర్వాత దాని పక్కది తోయరు. మధ్యలో కొన్ని వదిలి తోస్తారు, లేకపోతే గోడల వేడి దెబ్బతింటుంది. బ్యాటరీ ఒకసారి వెలిగిస్తే మళ్లీ చల్లార్చడం ఉండదు, చల్లారితే సిలికా ఇటుక పగులుతుంది. ఎప్పుడూ మేలుకునే ఉండే పని, దాని మీద వంతులవారీగా వచ్చే పనులు. ఇంట్లో కంప్యూటర్‌లో కూడా బరువైన పనులన్నీ రాత్రి 12 గంటలకే పెట్టేసి, "సిస్టమ్ కదలట్లేదన్నా" అనేవాళ్లకి ఈ పొయ్యిల వరస చూపించాలి. ఒకటి 1:10కి, ఒకటి 2:30కి, ఒకటి 4కి పెడితే చాలు.

ఇక అమెరికా. 1970ల్లో బెల్ ల్యాబ్స్‌లో యునిక్స్ అనే వ్యవస్థ తయారైంది. అందులో లేపే ప్రోగ్రామ్ పేరు క్రాన్. కాలానికి గ్రీకు మాట నుంచి వచ్చిందంటారు. 1979లో వచ్చిన ఏడో వెర్షన్‌లో అది ప్రతి నిమిషం లేచి ఒక ఫైలు చదివేది. ఆ నిమిషానికి రాసిన పని ఉంటే చేయించి మళ్లీ పడుకునేది. ఆ ఫైల్లో ఒక్కో పనికి ఒక్కో వరస. వరసలో ముందు ఐదు గళ్లు: నిమిషం, గంట, తేదీ, నెల, వారం. చుక్క గుర్తు ఉంటే 'ఏదైనా సరే' అని.

30 2 * * 0

అంటే ప్రతి ఆదివారం తెల్లవారుజామున రెండున్నరకి. ఆదివారం 0, సోమవారం 1, అలా. సంతల లెక్క తెలిసిన మనకి ఇది వింత కాదు. ఫలానా ఊరి సంత ఫలానా వారం అంటే తేదీ, నెల గళ్లలో చుక్క గుర్తులు, వారం గడిలో ఒక అంకె. అంతే.

కానీ ఆ తొలి క్రాన్‌లో ఒక సంగతి ఉంది. జాబితా మొత్తం మెషిన్‌కి ఒక్కటే. అందులోని పనులన్నీ రూట్ పేరు మీద, అంటే పెద్ద అధికారి పేరు మీద నడిచేవి. మామూలు యూజర్‌కి 'యట్' అనే ఆదేశం ఉండేది. ఫలానా టైమ్‌కి ఈ పని ఒక్కసారి చెయ్ అని అర్జీ పెట్టుకోవచ్చు. ప్రతి వారం, ప్రతి రోజు అని తన సొంత జాబితా పెట్టుకునే వీలు లేదు.

ఈ పద్ధతి మార్చింది ఒక విశ్వవిద్యాలయం. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూలో రాబర్ట్ బ్రౌన్ అనే ఆయన 1979 చివర్లో, ప్రతి యూజర్ సొంత జాబితా పెట్టుకోగల క్రాన్ నడిపించాడు. కష్టం ఎక్కడంటే, వంద మంది జాబితాల్ని ప్రతి నిమిషం మొదటి నుంచి చివరి దాకా చదువుతూ కూర్చుంటే మెషిన్ ఇంకే పనీ చేయలేదు. అప్పట్లో ఒక పెద్ద మెషిన్‌ని అందరూ పంచుకునేవాళ్లు. అందుకని ఆయన అందరి పనులనీ రాబోయే టైమ్ ప్రకారం ఒకే వరసలో నిలబెట్టాడు. వరసలో ముందున్న పనికి ఇంకా నలభై నిమిషాలు ఉంటే క్రాన్ నలభై నిమిషాలు హాయిగా పడుకుంటుంది. లేస్తుంది, ఆ పని చేయిస్తుంది, అది మళ్లీ ఎప్పుడు రావాలో లెక్క కట్టి వరసలో దాని చోట నిలబెడుతుంది. ఈ పద్ధతి తర్వాత బెల్ ల్యాబ్స్ వాళ్ల సిస్టమ్ ఫైవ్ యునిక్స్‌లోకి వెళ్లింది. 1987లో పాల్ విక్సీ ఉచితంగా ఇచ్చిన క్రాన్ లినక్స్‌లలో బాగా పాతుకుపోయింది. ఇప్పుడు లినక్స్ వేసుకున్న ఏ విద్యార్థి అయినా తన జాబితా తను రాసుకోవచ్చు. అయితే ఎవరికి ఆ హక్కు ఉంది, ఎవరికి లేదు అని చెప్పే రెండు ఫైళ్లు మాత్రం అధికారి చేతిలో ఉంటాయి, ఒకటి అనుమతికి, ఒకటి నిషేధానికి. అది చదివినప్పుడు మాకు ఎందుకో 1874 గుర్తొచ్చింది. పోలిక మరీ లాగకూడదు, కంప్యూటర్ దగ్గర ఎవరి భూమీ పోలేదు. కానీ 'అందరి తరఫున ఒక్కరి జాబితా' నుంచి 'ఎవరి జాబితా వాళ్లది' దాకా రావడం దానంతటదే జరగలేదు. మామూలు యూజర్లకి కూడా జాబితా కావాలని ఎవరో అనుకుని, కూర్చుని పని చేస్తేనే జరిగింది.

క్రాన్‌కి ఇంకో లోపం ఉంది, అది విశాఖ వాళ్లకి బాగా అర్థమవుతుంది. 2014 అక్టోబరు 12. హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖ మీదకి వచ్చింది. పట్నంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. పైన అరకు, పాడేరు వైపు సిల్వర్ ఓక్ చెట్లు కూలి కాఫీ తోటల మీద పడ్డాయి. ఆ రోజుల్లో విశాఖలో ఆగిపోయిన ఏ కంప్యూటర్‌లోనైనా మామూలు క్రాన్ ఉంటే, కరెంటు వచ్చాక అది ఏం చేసి ఉంటుంది? ఏమీ చేయదు. ఆదివారం రెండున్నర దాటిపోతే దాని లెక్కలో ఆ పని లేనట్టే, మళ్లీ ఆదివారమే. అది పుట్టింది రాత్రీ పగలూ ఆగని పెద్ద మెషిన్ల మీద. మన రూముల్లో రాత్రి స్విచ్ తీసేస్తాం, వానాకాలం కరెంటు పోతుంది, సెలవులకి ఊరెళ్తే నెల రోజులు తాళం. ఇలాంటి మెషిన్ల కోసం అనాక్రాన్ అనే ఇంకో ప్రోగ్రామ్ వచ్చింది. అది 'ఎన్నింటికి' అని చూడదు. 'చివరిసారి చేసి ఎన్ని రోజులైంది' అని చూస్తుంది. వారం దాటిందా, ఇప్పుడు చెయ్. మన అమ్మలు ఇల్లు అలికే లెక్క ఇదే కదా! ఇప్పటి లినక్స్‌లలో ఉండే సిస్టమ్‌డీ టైమర్లకి కూడా తప్పిపోయిన పనిని గుర్తుపెట్టుకోమని చెప్పవచ్చు.

విండోస్ కథ వేరుగా మొదలైంది. 1995లో విండోస్ 95తో పాటు విడిగా అమ్మిన 'ప్లస్' ప్యాక్‌లో సిస్టమ్ ఏజెంట్ అని ఒకటి ఇచ్చారు. (ఇక్కడ కూడా ఏజెంటే!) డిస్క్ సర్దడం లాంటి పనులు రాత్రిపూట చేయడానికి. మన హాస్టళ్లలో అప్పటికి ట్రంకు పెట్టె తప్ప వేరే పెట్టె లేదు. విండోస్ 98 నాటికి అది టాస్క్ షెడ్యూలర్ అయింది. 2007లో జనానికి వచ్చిన విస్టాలో దాన్ని దాదాపు కొత్తగా కట్టారు. అందులో టైమ్ ఒక్కటే కాదు, 'లాగిన్ అయినప్పుడు', 'కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు', 'నెట్‌వర్క్ ఉంటేనే' లాంటి షరతులు కూడా పెట్టవచ్చు. ఇంకో మార్పు కూడా వచ్చింది. సిస్టమ్ తన సొంత పనుల కోసమే ఈ జాబితాని బాగా వాడడం మొదలెట్టింది. మీరు ఒక్క పని పెట్టకపోయినా స్టార్ట్ మెనూలో టాస్క్ షెడ్యూలర్ అని కొట్టి, లైబ్రరీ తెరిచి చూడండి, పదుల కొద్దీ ఉంటాయి. మన వర్కింగ్ టైమ్‌టేబుల్ అది. దాని మీద 'సిబ్బందికి మాత్రమే' అని రాసి లేదు. తెరవడమే మనం చేయట్లేదు.

ఎందుకు తెరవాలి అంటారా. మేము పెద్దవాళ్ల మాటలు రికార్డు చేస్తున్నామని గ్రూపులో అందరికీ తెలుసు. కువి పాటలు, గదబల గుతోబ్ మాటలు, ఊరి పేర్ల కథలు. గుతోబ్ పూర్తిగా వచ్చినవాళ్లు ఊరూరికీ తగ్గిపోతున్నారు. రికార్డు చేసిన ఒక అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఆ గొంతు రూమ్ కంప్యూటర్‌లో ఒకటి, బయటి హార్డ్ డిస్క్‌లో ఒకటి, అంతే. కుదించకుండా దాచితే గంట మాటకి 600 ఎంబీకి పైనే అవుతుంది. రోజుకి 1.5 జీబీ ఫోన్ ప్యాక్ మీద రెండు గంటల రికార్డింగ్ పైకి పంపితే ఆ రోజుకి ఇంక స్కాలర్‌షిప్ ఫారం కూడా తెరుచుకోదు. కాబట్టి డిస్క్ మీదకి కాపీ ప్రతి వారం, మారిన ఫైళ్లు మాత్రమే, అందరూ పడుకున్నాక జరగాలి. ఇది మనిషి గుర్తుపెట్టుకుని చేసే పని కాదు. పరీక్షలొస్తే ఎవరికీ గుర్తుండదు.

అందుకని ఆ మెషిన్ మీద మేము పెట్టుకున్న పద్ధతి చెప్తాం, మీకు పనికొస్తే తీసుకోండి.

ముందు గడియారం. సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది. స్విచ్ తీసి వేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పితే షెడ్యూలర్ మొత్తం తప్పుతుంది, వెబ్‌సైట్లు కూడా తెరుచుకోవు. దాని నంబరు 2032, ఏ వాచీ షాపులోనైనా దొరుకుతుంది. టైమ్ జోన్ కూడా చూడండి, ఐదున్నర గంటల ముందు అని ఉండాలి.

తర్వాత పని ఎవరి పేరు మీద నడుస్తోంది అన్నది. మా అనుభవంలో ఎక్కువ తగువులు ఇక్కడే. ఒక అన్న తన లాగిన్ మీద కాపీ పని పెడతాడు. మే నెలలో కోర్సు అయిపోతుంది, ఆయన వెళ్లిపోతాడు, పాస్‌వర్డ్ మారుతుంది, లేదా ఆ లాగిన్ తీసేస్తారు. పని ఆ రోజు నుంచి నడవదు, ఎవరికీ చెప్పదు. అందుకే ఇలాంటి పనులకి ఎవరి సొంతదీ కాని ఉమ్మడి లాగిన్ ఒకటి ఉంది. 'యూజర్ లాగిన్ అయి ఉన్నా లేకపోయినా నడపాలి' అనేది ఎంచుకోవాలి.

షరతుల పేజీలో ఒక టిక్ మొదటి నుంచే ఉంటుంది: కరెంటు ప్లగ్ మీద ఉంటేనే మొదలెట్టు అని. ల్యాప్‌టాప్ వాళ్ల పనులు నడవకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. సెట్టింగ్స్ పేజీలో 'టైమ్ తప్పిపోతే వీలైనంత త్వరగా చెయ్' అనే టిక్ మాత్రం మొదట్లో ఉండదు, మనమే పెట్టాలి. హుద్‌హుద్ కథ దాని కోసమే చెప్పాం.

పని జరిగిందా లేదా అన్నది 'లాస్ట్ రన్ రిజల్ట్' అనే గడిలో ఉంటుంది. సున్నా ఉంటే బాగా అయినట్టు. ఆ సున్నాని కూడా పూర్తిగా నమ్మకండి. ప్రోగ్రామ్ 'నా పని అయింది' అంటుంది కానీ డిస్క్ మీద ఫైలు పాడైందో లేదో దానికి తెలీదు. హిస్టరీ నమోదు మామూలుగా ఆపేసి ఉంటుంది, కుడి పక్కన దాన్ని ఆన్ చేసే మాట ఉంటుంది, నొక్కండి. నెలకోసారి మేము డిస్క్ మీంచి ఏదో ఒక ఫైలు తీసి చివరి దాకా వింటాం. నిజంగా వింటాం, ఉందని చూసి ఊరుకోం.

ఇక జాబితాలో మనవి కాని పనులు. పాత కంప్యూటర్ కొన్నప్పుడు ముందు ఓనరు వేసినవి చాలా వస్తాయి. దొంగ కాపీ సాఫ్ట్‌వేర్‌ని బతికించే చిన్న ప్రోగ్రాములు షెడ్యూలర్‌లో ఒక వరస వదిలి పెడతాయి, వైరస్‌లు కూడా అక్కడే దాక్కోవడం మామూలే. మైక్రోసాఫ్ట్ అనే ఫోల్డర్ లోపలివి ముట్టుకోకండి. బయట ఉన్నవాటిలో పేరు అర్థం కానిది కనబడితే వెంటనే పీకెయ్యకండి. 'యాక్షన్స్' లో అది ఏ ఫైలుని నడుపుతుందో చూడండి, ముందు డిసేబుల్ చెయ్యండి, వారం చూడండి, ఏ ఇబ్బందీ లేకపోతే అప్పుడు తీసెయ్యండి. లినక్స్ వాళ్లు క్రాన్‌ట్యాబ్ అని కొట్టి, ఖాళీ ఇచ్చి, చిన్న గీత, ఎల్ అక్షరం కొడితే మీ జాబితా వస్తుంది. అది మీ ఒక్కరిదే, మిగతా యూజర్లది, సిస్టమ్‌ది వేరుగా చూడాలి.

ఫోన్ హాట్‌స్పాట్ మీద కంప్యూటర్ నడిపేవాళ్లు, అంటే మనలో ముప్పాతిక మంది, ఆ వైఫై పేరు మీద నొక్కి 'మీటర్డ్ కనెక్షన్' అని పెట్టుకోండి. విండోస్ 8 నుంచి ఇది ఉంది. వెనకాల దిగే పెద్ద డౌన్‌లోడ్లు చాలావరకు ఆగుతాయి. అన్నీ ఆగవు. సెక్యూరిటీ అప్‌డేట్లు శాశ్వతంగా ఆపుకుని కూర్చోకండి, నెలకోసారి కాలేజీ వైఫై మీద వేసుకోండి.

చివరికి ఒక పేచీ మిగిలిపోయింది. ఏటా ఇటుకల పండగ నాటికి ఆ ఏడాది రికార్డులన్నీ రెండో డిస్క్‌లోకి ఎక్కించి, ఆ డిస్క్‌ని ఊరికి పంపాలని అనుకున్నాం. ఒక కాపీ విశాఖలో, ఒకటి కొండ మీద ఉంటే తుపాను వచ్చినా ఏదో ఒకటి మిగులుతుంది. కానీ ఆ పండగ చైత్రంలో వస్తుంది, ఊరికో రోజు, దిసారి చూసి చెప్పాలి. క్రాన్‌కున్న ఐదు గళ్లలో ఏ గడికీ చంద్రుడు తెలీదు. టాస్క్ షెడ్యూలర్‌కీ తెలీదు. కాబట్టి ఆ ఒక్క పనికీ జాబితాలో తేదీ ఖాళీగా వదిలాం. ఊరి నుంచి ఫోన్ వచ్చాక ఒకరు చేత్తో రాస్తారు. మీ ఊళ్లో రోజు తేలితే గ్రూపులో పెట్టండి, డిస్క్ పట్టుకెళ్లేవాళ్ల పేరు కూడా.